మందలించడమంటే తిట్టడం కాదు

నిఘంటువుల్లో ‘మందలించు’ అన్న మాట వెతకండి. చీవాట్లు పెట్టడం, బుద్ధి చెప్పడం అని వుంటుంది. కథల్లో అత్తగారు కోడల్ని మందలిస్తుంది, మాస్టారు పిల్లవాణ్ణి మందలిస్తాడు. మా సిద్దిపేట వైపు మాత్రం ఆ మాటలో కోపం లేదు. ఇక్కడ మందలించడమంటే పలకరించడం, మంచీ చెడూ అడగడం. ‘‘ఏం మందల?’’ అంటే ఏమిటి విశేషాలు అని. దారిలో చూసీ చూడనట్టు పోయేవాళ్ళని ‘‘మందలియ్యకుంటనే పోతున్నవేంది?’’ అని నిష్ఠూరమాడతాం. బదిలీ మీద మా ఊరొచ్చిన ఒక ఉద్యోగి భార్య, కృష్ణా జిల్లా అమ్మాయి, ఇంటి యజమానురాలు ‘‘పక్కింటి పెద్దాయనకు పానం బాగలేదు, పొయ్యి మందలిచ్చి రా బిడ్డా’’ అనేసరికి కొయ్యబారిపోయిందట. మంచాన పడ్డ మనిషిని ఇంటికెళ్ళి మరీ తిట్టి రమ్మనే ఊళ్ళో కాపురం ఎలాగా అని ఆ రాత్రి భర్త దగ్గర కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుందట.

నవ్వుకోవడానికి బాగానే వుంది. కానీ ఈమధ్య నాకు ఆ మాట మీద బెంగ పట్టుకుంది. మందలించడమనే పనిలో నోటి పని కొంతే, కాళ్ళ పని చాలా ఎక్కువ. లేవాలి, చీర సర్దుకోవాలి, చెప్పులేసుకోవాలి, అవతలివాళ్ళ గడప దాకా నడవాలి. చావైన ఇంటికైతే మాట కూడా అక్కర్లేదు, వెళ్ళి గోడకానుకుని కూర్చుంటే చాలు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక వెళ్ళేవాళ్ళు ఇంత అన్నమో, చాయో పట్టుకెళతారు. ఇప్పుడు ఆ కాళ్ళ పనంతా బొటనవేలి మీద పడింది. పాపం, బొటనవేలు ఎంతని మోస్తుంది?

మా ఊరి పేరుతో ఫోనులో ఒక గ్రూపు వుంది. మీ ఊరికీ వుండే వుంటుంది. పోయిన ఏడు మా వెనక వీధిలో ఒక పెద్దాయన తెల్లవారుజామున పోయాడు. తెల్లవారి నేను పాలు కాచుకునే వేళకి ఆయన ఫోటో గ్రూపులో వుంది, కింద దీపం బొమ్మ వుంది. సాయంత్రానికి నూట నలభై మూడు సంతాపాలు. ఓం శాంతి, ఓం శాంతి, చేతులు జోడించిన బొమ్మలు, మళ్ళీ ఓం శాంతి. మధ్యలో ఎవరో పొరపాటున శుభోదయం పువ్వు కూడా పెట్టేశారు, దాన్ని తీసేశారు లెండి.

ఆయన భార్య బీడీలు చుడుతుంది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది చేసే పనే, ఒళ్ళో చాట, చాటలో తునికాకు, పక్కన కత్తెర. ఆవిడ దగ్గర వున్నది నొక్కుడు బటన్ల ఫోను. నూట నలభై మూడింటిలో ఒక్కటి కూడా ఆవిడ చూడలేదు, చూసే వీల్లేదు. అప్పుడనిపించింది నాకు, మరి ఈ సంతాపాలన్నీ ఎవరికి చెప్పినట్టు? పోయినాయనకి కాదు గదా. ఆయన భార్యకీ కాదు. మనం మనకే చెప్పుకున్నాం. పెళ్ళికొడుకు లేని విడిదింట్లో ఒకరికొకరు పన్నీరు చల్లుకున్నట్టు.

‘అదే కలికాలం, ఆ రోజుల్లో అయితేనా...’ అని మీరు మొదలుపెట్టే లోపలే ఒక మాట. ఆ రోజులు నాకూ తెలుసు. తయారుమాటలు ఫోను కనిపెట్టినవి కావు. ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాసినవాళ్ళలో ఎంతమంది నిజంగా మన కుశలం గురించి ఆలోచించి రాశారు? ఇల్లంతా జ్వరాలతో మూలుగుతున్నా ‘మేమంతా క్షేమం’ అని రాసేవాళ్ళం. తంతి ఆఫీసులో అయితే పెళ్ళికీ, పండక్కీ, పరీక్ష పాసైనందుకూ శుభాకాంక్షలు ముందే అచ్చువేసి, వరసగా అంకెలు వేసి వుంచేవారు. ఫలానా నంబరు అని చెబితే చాలు, అటువైపు పూర్తి వాక్యమై దిగేది. దంపతులు నూరేళ్ళు వర్ధిల్లాలన్న దీవెనకి ఒక అంకె! ఆ తంతి 2013 జూలై 14న ఆఖరుసారి మోగి ఆగిపోయింది. ఆఖరి రోజున టెలిగ్రాం ఇవ్వాలని కౌంటర్ల దగ్గర జనం వరసలు కట్టారు. ఇక చావింటికి వచ్చి గడపలో శోకాలు పెట్టి, రెండు నిమిషాల తరవాత కొంగుతో కళ్ళొత్తుకుని ‘‘ఈ చీర ఎంతకు పడ్డది?’’ అని గుసగుసగా అడిగినవాళ్ళని మనం చూడలేదా ఏమిటి?

కనుక అచ్చుమాట పంపినందుకు ఎవరినీ తప్పు పట్టను. దుఃఖం ముందు సొంతమాట దొరకని మనిషికి అచ్చుమాట వూతకర్ర. నా పేచీ వేరు. ఉత్తరం ఎంత తయారుమాటలతో వున్నా దాని మీద ఒకరి పేరు వుండేది. చిరునామాదారు ఒకరే. ఆవిడకి చదువు రాకపోతే పోస్టుమాన్ గడపలో నిలబడి చదివి పెట్టేవాడు. అంటే మాట ఆ మనిషి చెవి దాకా వెళ్ళేది. గ్రూపులో మాట అందరి దాకా వెళుతుంది, ఆ ఒక్క మనిషి దాకా తప్ప.

అయిదో రోజు పెరుగన్నం తీసుకుని వెళ్ళాను. ఏం మాట్లాడాలో తోచక ‘‘అక్కా, మన ఊరోళ్ళు ఫోన్ల మస్తు మంది రాసిండ్రు, చదవమంటవా?’’ అన్నాను. చదవమంది. ఓం శాంతి, ఫలానా. ఓం శాంతి, ఫలానా. అయిదారయ్యేసరికి ‘‘అందరు గదే మాట అంటున్నరేంది చెల్లె?’’ అంది. నిజమే, ఏం చెప్పను? ‘‘మాటిడిచిపెట్టు, పేర్లు చదువు’’ అంది తనే.

పేర్లు చదివాను. చిత్రం చూడండి, నా నోట్లోంచి ఒక్కొక్క పేరు పడుతుంటే ఆవిడ దగ్గర్నించి ఒక్కొక్క కథ లేస్తోంది. ఈ పిల్లగాడు పుట్టినప్పుడు వాళ్ళమ్మకి కాన్పు కష్టమైతే రాత్రంతా కూర్చున్నది తనే. ఈయన పొలం గట్టు తగాదాలో పదేళ్ళు మాట్లాడలేదు, ‘‘ఈనె గూడ రాసిండా?’’ ఇంకొకతను ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగం, చిన్నప్పుడు వీళ్ళ సీతాఫలం చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆయనే ఎడ్లబండి కట్టి ఆస్పత్రికి తీసుకుపోయాడట. నూట నలభై మూడు పేర్లకి రెండు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి ఏడ్చింది, రెండు మూడుసార్లు నవ్వింది కూడా. ఏమీ చెప్పని ఆ ఓం శాంతుల వెనక ఇంత వుందని రాసినవాళ్ళకి తెలుసునా? తెలిస్తే అందులో ఒక ముక్కైనా రాసేవారు కాదా? ‘చెయ్యి విరిగినప్పుడు కాకా నన్ను బండి మీద తీసుకుపోయిండు’ అని ఒక్క వాక్యం. దీపం బొమ్మ వెతికి పెట్టడానికి పట్టేపాటి టైము కూడా పట్టదు.

ఫోనుకి రావలసిన మర్యాద కూడా ఇస్తాను. దినాల ఖర్చుకని అదే గ్రూపులో ఒకతను మొదలుపెడితే రెండు రోజుల్లో డబ్బు పోగయింది, ఫోనుల్లోంచే. 2020, 2021ల్లో ఒకరి గడప ఒకరు తొక్కడమే ప్రమాదమైన రోజుల్లో ఈ ఫోను కూడా లేకపోతే మనుషులు ఏమైపోయేవారో! ఊళ్ళో మేక తప్పిపోయినా, ఆస్పత్రిలో ఎవరికైనా రక్తం కావలసినా క్షణంలో తెలిసిపోతుంది.

అన్నింటికన్నా మించి, ఆవిడ కొడుకు సంగతి వుంది. అతను దుబాయిలో కట్టుబడి పని చేస్తాడు. మా వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి తక్కువ. ఒకప్పుడు ఈ ఇళ్ళకి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి క్యాసెట్ ఉత్తరాలు వచ్చేవి. సెలవు మీద వచ్చే వాడెవడో సంచిలో పట్టుకొచ్చేవాడు. టేపురికార్డరు వున్న ఇంటికి వెళ్ళి, వాకిట్లో అందరూ చుట్టూ కూర్చుని వినేవారు. అందులో కొడుకు భార్యకి చెప్పుకున్న మాటలు వచ్చేసరికి పెద్దవాళ్ళు లేచి అటు తిరిగేవారు. ఆ తరవాత ఫోన్లు. ఎన్నో ఏళ్ళ పాటు దుబాయిలో వాట్సాప్‌లో రాత వెళ్ళేది గానీ మాట వెళ్ళేది కాదు, అక్కడి నిబంధన అది. దానికి వేరే యాప్‌లు వెతుక్కోవడం కూడా మనవాళ్ళు నేర్చారు. అవసరం అంత చదువు చెబుతుంది.

తండ్రి పోయిన రోజున కొడుక్కి సెలవు దొరకలేదు. దొరికినా టికెట్టు కొని వచ్చేవేళకి అంతా అయిపోతుంది. మరిది కొడుకు తలకొరివి పెట్టాడు. ఇంకో పిల్లాడు ఫోను ఎత్తి పట్టుకుని నడిచాడు, ఇంటి దగ్గర్నించి కాడు దాకా. అక్కడ పని చోట ఏదో ట్యాంకు నీడన నిలబడి అతను మొత్తం చూశాడు. ఫోను పట్టుకున్న పిల్లాడి చెయ్యి లాగేస్తే ఎడం చేతికి మార్చుకున్నాడు గానీ దించలేదు. ఊళ్ళో కొందరు మొహం చిట్లించారు. చితి దగ్గర ఫోనులేమిటి, ఇదేమైనా తిరనాలా అని.

పేర్లు చదివిన రోజున నేనే అన్నాను, కొడుకు రాలేకపోయాడే అని. ‘‘రాలేదంటరేంది? వచ్చిండు గద’’ అంది ఆవిడ. ‘‘కట్టె కాలేదాక ఉండె. ఏడుస్తుంటే నేనే మందలిచ్చిన, ఊకో బిడ్డా, ఎండల నిలవడకు, పని కరాబు జేసుకోకు అని.’’

ఆవిడ ‘మందలిచ్చిన’ అన్నది మా అర్థంలోనో మీ నిఘంటువు అర్థంలోనో ఇప్పటికీ తేల్చుకోలేకుండా వున్నాను. రెండూ కలిసే వుండవచ్చు.

ఇక్కడే నా తర్కం తలకిందులైంది. నడిచి వెళితేనే మందలింపు అనుకున్నాను గదా, వేల మైళ్ళ అవతల నిలబడ్డవాడు వచ్చినట్టయ్యాడు, నాలుగిళ్ళ అవతల కూర్చుని బొమ్మ పంపినవాళ్ళు రానట్టయ్యారు. దూరం లెక్క కాదన్నమాట. పోనీ పడ్డ శ్రమా? అతను రెండు గంటల జీతం వదులుకుని ఎండలో నిలబడ్డాడు, నిజమే. కానీ ఆవిడ ఆ శ్రమకి లెక్క కట్టి ‘వచ్చిండు’ అనలేదు. తను వూరుకోమంటే అతను విన్నాడు, ఆమె ‘ఏడవకు’ అన్నది అతని చెవిన పడింది. అటు మాట ఇటు, ఇటు మాట అటు వెళ్ళే దారి వుంది వాళ్ళ మధ్య. గ్రూపులో పెట్టిన బొమ్మకి ఆవిడ ఏం బదులు చెప్పగలదు? బదులు చెప్పడానికి దారి లేని చోట పలకరింపు ఎలా అవుతుంది? అది నోటీసు బోర్డు అవుతుంది.

నోటీసు బోర్డు అంటే గుర్తొచ్చింది. పూర్వం మా ఊళ్ళో సంగతులు చాటడానికి డప్పు మనిషి వచ్చేవాడు. అతను చాటింది నచ్చకపోతే ఆపి అడిగేవాళ్ళం, ‘‘ఎవరు చెప్పమన్నరు?’’ అని. సర్పంచ్ చెప్పమన్నాడనో, పటేలు చెప్పమన్నాడనో జవాబు వుండేది. ఫోనులో ‘అందరికీ పంపండి’ అని వచ్చే కబురుని ఎవరు చెప్పమన్నారని ఆపి అడిగేదెవరిని? దీని ఫలితం 2018 వేసవిలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోనుల్లో వచ్చిన వదంతులకి మన తెలంగాణలోనే కొత్త మొహమైన పాపానికి మనుషుల్ని కొట్టి చంపారు. ఆ జూలై 1న మహారాష్ట్రలో ధూళే జిల్లా రైన్‌పాడలో ఒక్కసారే అయిదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే నెలలో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక కబురుని ఒకేసారి అయిదు చోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టారు.

జోగులాంబ గద్వాల జిల్లాలో మాత్రం అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఇంకో దారి పట్టారు. వూరికొక పోలీసుని అప్పజెప్పి, వెళ్ళి జనంతో కూర్చుని మాట్లాడి రమ్మన్నారు. వేసవిలో ఆరుబయట పడుకునేవాళ్ళు తలుపులు బిడాయించుకుంటున్నారని అలా తెలిసింది. అప్పుడు పాటగాళ్ళని, డప్పులని ఊళ్ళకి పంపి, అది అబద్ధపు కబురు అని పాడించారు, చాటించారు. ఆ వైపు సుమారు 400 గ్రామాల్లో ఒక్క ప్రాణం పోలేదు. అంత వేగంగా వచ్చిన ఫోను కబురుని పట్టుకున్నది కాలినడకన వచ్చిన డప్పు! ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కాస్త గర్వంగా వుంటుంది, నేనేదో చేసినట్టు.

ఇక భాష మాట. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పిల్లల్ని నేనేమీ అనను, అర్థమైతే చాలు. కాకపోతే అర్థమే కావడం లేదు. హైదరాబాదు నుంచి మా బంధువుల కోడలు మెసేజీ పెట్టింది, మామయ్యకి ‘కె ఎ ఎల్ ఎల్ యు’ కోసం సిద్దిపేట తీసుకెళుతున్నాం అని. అది కళ్ళా? కాళ్ళా? కల్లా? ముగ్గురం ముసలమ్మలం కూర్చుని తర్జనభర్జన పడ్డాం. కళ్ళయితే శుక్లాల ఆపరేషను, కాళ్ళయితే కీళ్ళవాతం. ఆ పెద్దమనిషి సంగతి తెలిసినవాళ్ళు మాత్రం మూడోదే అయి వుంటుందన్నారు, దానికి సిద్దిపేట దాకా ఎందుకని సందేహం వచ్చింది గానీ. చివరికి కళ్ళేనని తేలింది.

మన అక్షరాలతో రాస్తే మాత్రం ఫోనులకి భయం. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ‘జ్ఞా’ అన్న అక్షరం వచ్చిపడితే చాలు, మెసేజీలు చూసే యాప్ కుప్పకూలిపోయింది, కొన్ని ఫోనులు లేవనే లేవు. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే మందు వేసి సరిచేసిందనుకోండి. అయినా అంత ఖరీదైన యంత్రం మన జ్ఞానం మొదటి అక్షరానికే మూర్ఛపోయిందంటే ఏమనుకోవాలి చెప్పండి!

మా దౌల్తాబాద్ గురించి ఇంకో ముచ్చట. ఈ పేరున్న ఊరు మాదొక్కటే కాదు. తుగ్లక్ రాజధాని చేసుకున్న కోట వూరు మహారాష్ట్రలో వుంది. వికారాబాద్ జిల్లాలో కొడంగల్ వైపు మరొకటి. మాది 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లా, అప్పటి నుంచి సిద్దిపేట జిల్లా. ఉత్తరం రాసేటప్పుడు జిల్లా, తాలూకా, ఫలానావారి ఇంటి ఎదురుగా అని ఇంత పొడుగు రాసేవారు. 1972లో పిన్‌కోడ్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు పది అంకెలు చాలు. ఏ దౌల్తాబాద్ అని ఫోను అడగదు. నిజానికి వూరే అడగదు. గ్రూపులో మా ఊరివాళ్ళలో సగం మంది ఊళ్ళో లేరు, ఊళ్ళో వున్న ముసలివాళ్ళలో సగం మంది గ్రూపులో లేరు. రెండు దౌల్తాబాద్‌లు చాలనట్టు ఇది ఇంకో దౌల్తాబాద్.

పెళ్ళి పిలుపుల సంగతి మీకు నేను చెప్పాలా? బొట్టు పెట్టి పిలిచే రోజుల్లో పిలవని పేరంటానికి వెళ్ళకూడదన్న పౌరుషం వుండేది. ఇప్పుడు శుభలేఖ రెండు వందల మంది మధ్యలో పడుతుంది, పిలిచినట్టా, తెలియజేసినట్టా? మా చుట్టాల్లో ఒకావిడ దానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టి వూరుకుంది. వస్తున్నాననా, నమస్కారమనా, ఇక చాలు బాబూ అనా, ఎవరికి తెలుసు.

అన్నట్టు, బీడీల అక్క కొడుకు మొన్న సెలవు మీద వచ్చి వెళుతూ తల్లికి టచ్ ఫోను కొనిచ్చాడు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి సుమారు 58 మందికే చదవడం రాయడం వచ్చినట్టు తేలింది. ఆవిడ మిగిలిన 42 మందిలోది. అందుకని గొంతు నొక్కి పంపడం నేర్పించి వెళ్ళాడు. ఓం శాంతులూ లేవు, బొమ్మలూ లేవు ఆవిడకి. మనిషి ఎదురుగా వున్నట్టే మాట్లాడుతుంది. ఎంత ఎదురుగా అంటే, అడిగి ఆగుతుంది.

పోయిన వారం నాకొకటి వచ్చింది. ‘‘చెల్లే, మంచిగున్నవా?’’ అని ఆగింది. ఎక్కడో కోడి అరుపు, కత్తెర చప్పుడు. ‘‘తిన్నవా?’’ మళ్ళీ అంతసేపు ఆగింది. మా ఆయన పక్కనుంచి, ‘ఏమిటది, చెడిపోయిందా?’ అన్నారు. వుండండి అని చెయ్యి చూపించాను. ‘‘ఏం కూర?’’ అంది అక్క.

బెండకాయ, అన్నాను.